కీలో ఇమడలేదంటే కొత్త జాతేనా? ఆకుచెత్త పెంకుపురుగుకి వర్ణన రాయడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అడవిలో రాలిన ఆకులు జల్లెడ పట్టారు. రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఎర్రటి పెంకుపురుగులు ఏడు దొరికాయి. ప్రజాతి (జీనస్) వరకు గుర్తించగలిగారు, అక్కడి నుంచి కీలో (లక్షణాల్ని మెట్టుమెట్టుగా పోల్చి జాతిని తేల్చే పట్టికలో) ఏ జాతితోనూ కుదరడం లేదు. ఇది కొత్త జాతే అయితే వర్ణన ఎలా రాయాలి, డీఎన్‌ఏ తప్పనిసరా, పేరు ఎలా పెట్టాలి, డిగ్రీ లేనివాళ్లు ప్రచురించవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ప్రచురించవచ్చు. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి (మేమంతా 'కోడ్' అనే అంటాం) రాసినవాళ్ల చదువేమిటని ఎక్కడా అడగదు. డీఎన్‌ఏ కూడా తప్పనిసరి కాదు. వర్ణన రాయడం, చేయి తిరిగినవాళ్లకి, పది రోజుల పని. అసలు కష్టం అంతకు ముందే ఉంది: ఆ ప్రజాతిలో ఇప్పటికే పేరున్న ఏ ఒక్క జాతీ మీ పురుగు కాదని చూపించాలి. దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. 'ఇది కొత్తది' అన్నారంటే 'పాతవన్నీ చూశాను' అని సంతకం పెట్టినట్టే. అందుకే ఈ సమాధానంలో సగం దాని గురించే ఉంటుంది, విసుక్కోకండి.

నేను ఇరవై ఏళ్లకు పైగా సెలాఫినే అనే ఉపకుటుంబం మీద పని చేస్తున్నాను. మీ ఫొటోల్లో ఉన్నవీ అవే. పొట్ట సగానికి పైగా బయటికి కనిపించేంత పొట్టి ఎలిట్రా (పెంకులా గట్టిపడ్డ ముందు రెక్కలు), చివర గదలా లావెక్కిన మీసాలు, తల పక్కన పొడుచుకొచ్చిన నోటి పాల్పులు (నోటి దగ్గరి చిన్న మీసాల్లాంటివి). ఇవి స్టాఫిలినిడే కుటుంబంలోవి. ఆ కుటుంబంలో పేరు పెట్టినవే 60 వేలకు పైగా ఉన్నాయి, ఒక్క సెలాఫినేలోనే దాదాపు 10 వేలు. పేరు పెట్టనివి ఇంకెన్నో. కాబట్టి మీ అనుమానం గాలిలో మేడ కాదు. ఆకుచెత్తలో, మట్టిలో బతికే పురుగుల్లో చాలావాటికి ఎగరడం రాదు. ఒక కొండ మీది జాతి పక్క కొండ మీద ఉండకపోవచ్చు. కొత్త చోట జల్లెడ పడితే కొత్త జాతి దొరకడం మా గుంపులో వింతేమీ కాదు.

అయినా సరే, కీలో ఇమడకపోవడానికి నేను లెక్కపెట్టే కారణాల్లో కొత్త జాతి కావడం ఐదోది. ముందు నాలుగు వేరే ఉన్నాయి. ఒకటి, ఏదో ఒక మెట్టు దగ్గర మనం తప్పుగా చదివి ఉంటాం. 'ప్రోనోటం (తల వెనకే ఉండే పై ఫలకం) మీద నడిమి గుంట లోతుగా' అని ఉంటుంది. ఎంతుంటే లోతు? పోల్చుకోవడానికి పక్కన రెండో జాతి లేకపోతే ఎవరికీ తెలియదు. రెండు, ప్రజాతే తప్పయి ఉండొచ్చు. మూడు, మీ జాతికి కీ అచ్చైన తర్వాత పేరు వచ్చి ఉండొచ్చు. 1980లో కీ రాసినాయనకి 1995లో వచ్చిన జాతి ఎలా తెలుస్తుంది? నాలుగోదాన్ని అందరూ మర్చిపోతారు: వేరే ఖండం నుంచి కుండీల మట్టితో, మొక్కల వేళ్లతో వచ్చి చేరిన పురుగు. మీ ప్రాంతపు కీలో దానికి చోటే ఉండదు. తోటల్లో, కంపోస్టు గుట్టల్లో దొరికినవైతే నేను మొదట దీన్నే అనుమానిస్తాను. మీది అడవిలోపలిది కాబట్టి ఆ అవకాశం కొంచెం తక్కువ.

ఈ నాలుగూ దాటాలంటే ఆ ప్రజాతిలోని జాతులన్నిటి జాబితా ముందు తయారు చేసుకోవాలి. జంతువుల పేర్లకి లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలవుతుంది, లిన్నేయస్ తన జీవుల వర్గీకరణ పట్టిక పదో ముద్రణ వేసిన ఏడాది. అప్పటి నుంచి నిన్నటి దాకా వచ్చిన ప్రతి పేరూ మీ జాబితాలో ఉండాలి. భయపడకండి, ఒక్కో ప్రజాతిలో సాధారణంగా పదో ఇరవయ్యో ఉంటాయి (వందలుంటే మాత్రం కొంచెం భయపడండి). పాత పుస్తకాలు చాలావరకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఏ ఏడాది ఏ పేరు వచ్చిందో వెతకడానికి 1864 నుంచి నడుస్తున్న జువలాజికల్ రికార్డ్ ఉంది. ప్రతి జాతికీ మొట్టమొదటి వర్ణన చదవండి, తర్వాతివాళ్లు రాసిన సారాంశంతో సరిపెట్టుకోకండి.

అక్కడ మీకు మొదటి నిరాశ ఎదురవుతుంది. పందొమ్మిదో శతాబ్దపు వర్ణన అంటే లాటిన్‌లో నాలుగు వరుసలు. 'ఎర్రగా, మెరుస్తూ, నున్నగా, తల వెడల్పు కంటే కొంచెం పొడవు.' మీ ఏడు పురుగులూ దానికి సరిపోతాయి. నా డబ్బాల్లో ఉన్న వందల పురుగులూ సరిపోతాయి. రాసినాయన తప్పు కాదది, అప్పటికి తెలిసిన జాతులే కొన్ని, వాటిని విడదీయడానికి ఆ నాలుగు వరుసలు చాలేవి. ఇప్పుడు చాలవు. అందుకే టైప్ నమూనాని చూడాల్సి వస్తుంది, అంటే ఆ పేరు ఏ పురుగుని చూసి పెట్టారో ఆ పురుగునే. మా గుంపులో రాఫ్రే అనే ఫ్రెంచి దౌత్యాధికారి వందల జాతులకి పేర్లు పెట్టాడు, ఆయన సేకరణ పారిస్ మ్యూజియంలో ఉంది. రైటర్ అనే ఆయనది బుడాపెస్ట్‌లో ఉంది. జెనీవా మ్యూజియంలో ఆకుచెత్త పురుగుల నిధే ఉంది. రాసి అడిగితే మంచి ఫొటోలు పంపుతారు, కొన్నిచోట్ల నమూనాలే అరువిస్తారు. మర్యాదగా, ఏ భాగం ఏ కోణంలో కావాలో స్పష్టంగా అడగండి. 'అన్ని ఫొటోలూ పంపండి' అని రాస్తే జవాబు రాదు.

దీని విలువ నాకు ఎలా తెలిసిందో చెప్తాను. పని మొదలుపెట్టిన మూడో ఏడు అనుకుంటా, ఒక ప్రజాతిలో నాకు అచ్చం మీలాగే ఏ జాతికీ కుదరని పురుగులు పదకొండు దొరికాయి. బొమ్మలు గీశాను, కొలతలు తీశాను, పేరు కూడా ముద్దుగా ఎంచుకున్నాను. వ్యాసం పంపాను. ఇద్దరు సమీక్షకుల్లో ఒకాయన ఒకే ఒక్క వాక్యం రాశాడు: 'ఫలానా జాతి టైప్ చూశారా?' చూడలేదు. దాని మూలం 1890ల నాటి ఐదు వరుసల వర్ణన. అందులో 'మీసంలో తొమ్మిదో కణుపు మామూలుగా' అని ఉంది, నా మగవాటిలో తొమ్మిదో కణుపుకి పక్కన స్పష్టమైన పంటిలాంటి కొస ఉంది. ఇక చూడ్డానికేముంది అనుకున్నాను.

తప్పించుకోలేక టైప్ అరువడిగాను. నాలుగు నెలలకి వచ్చింది. చిన్న అట్టముక్క మీద బోర్లా అంటించిన పురుగు, దాని మీసాల మీద వందేళ్ల నాటి జిగురు పసుపుపచ్చగా గట్టిపడి ఉంది. లేబుల్ మీద ఒక దేశం పేరు తప్ప ఇంకేం లేదు. మ్యూజియంవాళ్ల అనుమతి తీసుకుని గోరువెచ్చని నీళ్లలో ఆ అట్ట వేశాను. ఓ గంటకి జిగురు మెత్తబడి పురుగు తేలింది. సన్నటి కుంచెతో మీసం తుడుస్తుంటే తొమ్మిదో కణుపు దగ్గర జిగురు పెచ్చులా ఊడింది. దాని కింద ఉంది ఆ పన్ను. నూరేళ్లకు పైగా జిగురులో దాక్కుంది. పొట్ట చివర విప్పి ఎడియాగస్ (మగ జననాంగం) చూస్తే అదీ నావాటిదే. నా 'కొత్త జాతి' ఆ సాయంత్రమే పోయింది. పేరు పెట్టినాయన ఆ కణుపుని ఎప్పుడూ చూసే ఉండడు, జిగురు కింద 'మామూలుగా' ఉందనుకుని రాశాడు. ఆ వ్యాసం పాత జాతికి కొత్త వర్ణనగా మారి అచ్చయింది. నిజానికి అలాంటి వ్యాసం కొత్త పేరు కంటే ఎక్కువమందికి పనికొస్తుంది, కానీ ఆ వయసులో ఆ మాట ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇంకో గొయ్యి కూడా ఉంది, దాంట్లో మా గుంపులో దాదాపు అందరూ ఒకసారి పడ్డవాళ్లే. ఒకే జల్లెడలో రెండు 'జాతులు' దొరికితే, అవి మొగుడూ పెళ్లాం కావేమో ముందు చూసుకోండి. సెలాఫినేలో చాలా జాతుల్లో మగదానికి పెద్ద కళ్లు, ఎగరగలిగే వెనక రెక్కలు ఉంటాయి. ఆడదానికి కళ్లు చిన్నవి, రెక్కలు ఉండవు, దాంతో ఎలిట్రా ఆకారమూ మారిపోతుంది. పక్కపక్కన పెడితే రెండు వేరే జాతుల్లాగే ఉంటాయి. మీ ఏడింటిలో 'రెండు కొంచెం వేరుగా ఉన్నాయి, బహుశా రెండో కొత్త జాతి' అని రాశారు చూడండి, నా గుండె అక్కడ ఆగింది. అలాగే అప్పుడే ప్యూపా నుంచి బయటికి వచ్చిన పురుగు లేత పసుపు రంగులో ఉంటుంది, ముదిరాక ఎర్రబడుతుంది. రంగుని ఎప్పుడూ తేడాగా చూపకండి, దాన్ని వర్ణనలో ఒక మాటగా చెప్పి వదిలేయండి.

మరి దేన్ని నమ్మాలి? చాలా సందర్భాల్లో ఎడియాగస్‌నే. బయటికి ఒకేలా కనిపించే జాతుల్లో కూడా అది తేడాగా ఉంటుంది. ఎందుకలా అన్నదానికి పాత వివరణ 1844లో లియోన్ దుఫూర్ చెప్పిన తాళం-తాళంచెవి వాదన: వేరే జాతితో జత కుదరకుండా ఉండేందుకు అని. 1980లలో విలియం ఎబర్‌హార్డ్ ఆడదాని ఎంపికే దీన్ని వేగంగా మారుస్తోందని వాదించాడు, ఇప్పుడు ఎక్కువమంది అటువైపే మొగ్గుతున్నారు. మనకి కారణం ఏదైనా పని ఒకటే, విప్పి చూడాలి.

ఎలా అంటే: ఎండిన పురుగైతే గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టాలి, ఆల్కహాల్‌లోదైతే నేరుగా మొదలుపెట్టవచ్చు. వాచ్‌గ్లాసులో గ్లిజరిన్ చుక్క వేసి, రెండు మినుటెన్ సూదులు (సన్నటి పురుగుల సూదులు, కొస కొంచెం వంచుకోండి) పుల్లలకి గుచ్చుకుని పట్టుకోండి. ఒకదాంతో పురుగుని అదిమి, రెండోదాంతో పొట్ట చివరి ఫలకాన్ని మెల్లగా పైకెత్తితే లోపల కండ, కొవ్వు మధ్య గోధుమరంగు పలుకులాంటిది కనిపిస్తుంది. అదే. మీ పురుగు సైజుకి అది మిల్లీమీటర్‌లో నాలుగో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. దాన్ని పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి గది వేడిలోనే కొన్ని గంటలు ఉంచండి. వేడి చేస్తే నిమిషాల్లో అయిపోతుంది గానీ మొదటిసారి ఆ సాహసం వద్దు, లోపలి సన్నటి ముళ్లు కూడా రంగు వెలిసిపోతాయి. తర్వాత నీళ్లలో కడిగి గ్లిజరిన్‌లోకి మార్చి, పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి మూడు కోణాల్లో చూడండి. అది ఐదు డిగ్రీలు పక్కకి వాలినా ఆకారం మారినట్టు కనిపిస్తుంది. రెండు జాతులు వేరని నేను ప్రమాణం చేసి చెప్పిన రోజులున్నాయి. తీరా చూస్తే ఒకటి కొంచెం ఒరిగి ఉంది, అంతే.

ఒక జాగ్రత్త. సూదితో గ్లిజరిన్ బయట ఎప్పుడూ దాన్ని ఎత్తకండి. పొడిగా ఉన్న ఎడియాగస్ సూది కొస నుంచి టప్పున ఎగిరిపోతుంది. నాది ఒకటి అలా ఎగిరి ఎక్కడ పడిందో ఇవాళ్టికీ తెలియదు. బల్ల కింద తెల్ల దుప్పటి పరిచి మోకాళ్ల మీద గంటన్నర వెతికాను. ఆ జాతికి నా దగ్గరున్న మగది అదొక్కటే. ఆ జాతి ఇంకా పేరు లేకుండానే ఉంది.

అన్నీ దాటి ఇది నిజంగా కొత్తదే అని తేలాక వర్ణనకి కూర్చోండి. దాంట్లో రెండు ముక్కలు వేరువేరని చాలామంది గమనించరు. డయాగ్నోసిస్ అంటే తేడాల ముక్క, వర్ణన అంటే పురుగు మొత్తం. 1930 తర్వాత పెట్టిన ఏ పేరైనా చెల్లాలంటే ఆ జాతిని మిగతావాటి నుంచి వేరు చేసే లక్షణాలు మాటల్లో చెప్పాలని కోడ్ అంటుంది. ఒట్టి బొమ్మ వేసి పేరు పెడితే చెల్లదు. డయాగ్నోసిస్ చిన్నదిగా ఉండాలి, కానీ దేనితో పోలుస్తున్నారో పేరు పెట్టి చెప్పాలి. 'మీసం పదో కణుపు వెడల్పు ఎక్కువ' అని రాయకండి. 'ఫలానా జాతిలో పదో కణుపు పొడవూ వెడల్పూ సమానం, దీంట్లో వెడల్పు పొడవుకి ఒకటిన్నర రెట్లు' అని రాయండి. చదివేవాడి చేతిలో పోలిక లేని వాక్యం ఉంటే ఎందుకూ పనికిరాదు. నాలుగు వరుసల లాటిన్‌ని మనం ఇప్పటి భాషలో మళ్లీ రాసినట్టవుతుంది.

వర్ణనకి ఒక వరుస పెట్టుకోండి: తల, మీసాలు, ప్రోనోటం, ఎలిట్రా, కాళ్లు, పొట్ట, మగ గుర్తులు, ఎడియాగస్, తర్వాత ఆడది. దగ్గరి జాతుల వర్ణనల్లో ఏ వరుస ఉంటే అదే పట్టుకుంటే పోల్చడం సులువు. మా గుంపులో తల, ప్రోనోటం, వక్షం అడుగున ఉండే చిన్న గుంటలు (ఫోవియాలు) ఎన్ని, ఎక్కడ అన్నది చాలా ముఖ్యం. వెంట్రుకల మధ్య అవి కనిపించవు. ఒక నమూనాని విడదీసి, పొటాష్‌లో పారదర్శకం చేసి, స్లయిడు మీద చూస్తే నక్షత్రాల్లా బయటపడతాయి. ఏడింటిలో ఒకదాన్ని దీనికి త్యాగం చేయడం నష్టం కాదు.

కొలతల్లో ఒక్క మాట. మొత్తం శరీరం పొడవుని నమ్మకండి. ఈ పురుగుల పొట్ట ఆల్కహాల్‌లో సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. తల, ప్రోనోటం, ఎలిట్రా విడివిడిగా కొలిచి, కూడి, అలా కూడామని చెప్పండి. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో కూడా రాయండి. ఏడు నమూనాలుంటే ఏడింటివీ కొలిచి కనిష్ఠం, గరిష్ఠం ఇవ్వండి. ఒక్కదాని కొలత ఇస్తే, రేపు ఎనిమిదోది 0.05 మిల్లీమీటర్ తేడాగా దొరికినాయన దానికి ఇంకో పేరు పెడతాడు.

ఫొటోలకి ఇప్పుడు స్టాకింగ్ అందరూ చేస్తున్నారు. వేర్వేరు లోతుల్లో ముప్పయ్యో నలభయ్యో తీసి సాఫ్ట్‌వేర్‌తో కలపడం. బాగుంటాయి. కానీ ఎడియాగస్‌కి నేను ఇప్పటికీ చేత్తో గీస్తాను. ఫొటోలో అడుగు పొర, పై పొర కలిసిపోతాయి, గీసేటప్పుడు ఏ గీత ఏ పొరదో తేల్చుకోక తప్పదు. నా తప్పుల్లో సగం గీస్తున్నప్పుడే దొరికాయి.

ఇక టైపులు. 1999 తర్వాత పెట్టే పేర్లకి కోడ్ గట్టిగా అడిగేవి ఇవి: ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, హోలోటైప్ (పేరుకి ఆధారంగా నిలిచే ఒకే ఒక్క టైప్) ఏ నమూనానో వేలు పెట్టి చూపాలి, అది ఏ సేకరణలో ఉంటుందో, ఆ సేకరణ ఏ ఊళ్లో ఉందో చెప్పాలి. హోలోటైప్‌గా మగదాన్నే ఎంచుకోండి, అదీ విప్పి చూసినదాన్నే. విప్పిన భాగాల్ని చిన్న గొట్టంలో గ్లిజరిన్‌తోనో, పారదర్శకమైన అట్ట మీద జిగురుతోనో అదే సూదికి గుచ్చండి. వేరే పెట్టెలో పెట్టి నంబరు రాసుకున్నవి రెండు తరాల్లో విడిపోతాయి, నేను అరువు తెచ్చుకున్న పెట్టెల్లో తల ఒకచోట, మొండెం ఒకచోట ఉన్నవి ఎన్నో. అదే జాతివని మీరు చూసిన మిగతా నమూనాలు పారాటైపులు. వీలైతే రెండు మ్యూజియంలకి పంచండి, ఒకటి కాలిపోయినా రెండోది మిగులుతుంది. మీ అల్మారాలో మాత్రం ఉంచుకోకండి. కోడ్ దాన్ని పూర్తిగా నిషేధించకపోయినా, మీ తర్వాత ఆ అల్మారా ఎవరు తెరుస్తారో మీకు తెలియదు.

లేబుల్ మీద స్థలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, ఏ పద్ధతిలో పట్టారు, ఎవరు పట్టారు, ఇవన్నీ ఉండాలి. మీరు ఆకుల్ని జల్లెడ పట్టి వింక్లర్ సంచిలో (చెత్త ఆరేకొద్దీ పురుగులు అడుగు సీసాలోకి దిగే సంచి) వేలాడదీశారు కదా, అది కూడా రాయండి. బెర్లీజ్ గరాటు (పైనుంచి దీపం వేడితో పురుగుల్ని కిందికి దించేది) వాడినవాళ్లకి దొరికేవి, వింక్లర్‌లో పడేవి అచ్చం ఒకటి కావు. ఏ చెట్ల కింద, ఎంత లోతు పొర, తడిగా ఉందా పొడిగా ఉందా అన్నవి రాసిపెట్టుకుని ఉంటే బంగారం. మళ్లీ వెతికేవాళ్లకి అక్షాంశాల కంటే 'వాగు పక్కన పడిపోయిన మాను వారన, చేయి లోతు నల్లటి పొరలో' అన్న మాటే దారి చూపుతుంది.

సేకరించడానికి అనుమతి తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. ఏ దేశంలోనైనా రక్షిత అడవైతే అనుమతి పత్రం ఉండాలి. నమూనాలు దేశం దాటాలంటే ఇంకో పత్రం కావాలి. జీవ వనరుల వాడకం మీద దేశాలు చేసుకున్న నగోయా ఒప్పందం 2014లో అమల్లోకి వచ్చాక పత్రికలు, మ్యూజియంలు వీటిని అడుగుతున్నాయి. పత్రం లేని టైప్‌ని పెద్ద మ్యూజియం తీసుకోదు. ఇప్పుడే చూసుకోండి, వ్యాసం రాశాక తెలిస్తే ఏడుపొస్తుంది.

డీఎన్‌ఏ సంగతి. తప్పనిసరి కాదన్నాను, కానీ వీలుంటే తీయించండి. సీఓఐ అనే జన్యువులోని 658 అక్షరాల ముక్కని బార్‌కోడ్ అంటారు. మొగుడూ పెళ్లాం సమస్య దాంతో ఒక్క రోజులో తేలుతుంది, నాకు అన్నిటికంటే అక్కడే అక్కరకొచ్చింది. పురుగుని నలపక్కర్లేదు. పొట్ట దగ్గర చిన్న చిల్లు పెట్టి, ప్రోటీనేజ్-కే (ప్రోటీన్లని కరిగించే ఎంజైము) కలిపిన ద్రావణంలో రాత్రంతా నానబెడితే డీఎన్‌ఏ ద్రావణంలోకి వస్తుంది, పెంకు మనకి మిగులుతుంది. లోపలి కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి ఎడియాగస్ విప్పడమూ తేలికవుతుంది, ఒక దెబ్బకి రెండు పిట్టలు. అయితే రెండు మూడు శాతం తేడా ఉంటే వేరే జాతి అనే గీతని ఆకుచెత్త పురుగుల దగ్గర నమ్మకండి. ఎగరలేని పురుగు ఒక లోయలో చిక్కుకుని తరాలు గడిపితే, అదే జాతిలోనే అంతకు చాలా రెట్లు తేడా పేరుకుంటుంది. పక్క లోయదానితో పోల్చి 'రెండు జాతులు' అనేస్తాం. వోల్బాకియా అనే బాక్టీరియా సోకితే దీనికి పూర్తిగా తలకిందులుగా, వేరే జాతులు ఒకటిగా కనిపించవచ్చు. డీఎన్‌ఏ, ఎడియాగస్ ఒకే మాట చెప్తే నిశ్చింత. చెప్పకపోతే ఇంకో చోటి నుంచి నమూనాలు తెచ్చే దాకా ఆగడమే.

డీఎన్‌ఏని బాగా వాడుకున్న పని చూడాలంటే రీడెల్ బృందం 2013లో ట్రైగోనోప్టెరస్ అనే ఎగరలేని ముక్కుపురుగుల మీద చేసింది చూడండి. న్యూగినీ నుంచి 101 కొత్త జాతుల్ని ఒకే వ్యాసంలో పెట్టారు. చిన్న వర్ణన, మంచి ఫొటో, ఎడియాగస్, బార్‌కోడ్, అంతే. అన్ని పేర్లు ఎక్కడి నుంచి తేవాలో తెలియక కొన్నిటికి అక్కడి టెలిఫోన్ డైరెక్టరీలోని ఇంటిపేర్లు పెట్టారు. పాతకాలం వాళ్లు కొందరు ముఖం చిట్లించారు గానీ నాకు ఆ పద్ధతి నచ్చింది. మీది ఒకే జాతి కాబట్టి అంత పొదుపు అక్కర్లేదు.

పేరు దగ్గరికి వచ్చాం. లాటిన్ అక్షరాల్లో ఉండాలి, ఆ ప్రజాతిలో ఇంతకు ముందు వాడి ఉండకూడదు. వర్ణన లాటిన్‌లో రాయాలన్న నిబంధన జంతువులకి లేదు (మొక్కలకి 2011 చివరి దాకా ఉండేది, అక్కడి నుంచే ఈ అపోహ). కోడ్ ప్రకారం తెలుగులో వర్ణన రాసినా పేరు చెల్లుతుంది. అందరికీ తెలిసిన భాషలో రాయమని సలహా మాత్రమే ఇస్తుంది, ఆ సలహా వినండి. మనిషి పేరు పెడితే మగవాళ్లకి చివర 'ఇ', ఆడవాళ్లకి 'ఎ-ఇ' జంట అక్షరం చేరుతుంది. విశేషణం పెడితే అది ప్రజాతి పేరు లింగంతో కలవాలి. నేను మొదట్లో స్త్రీలింగ ప్రజాతికి పుంలింగ విశేషణం తగిలించాను. తర్వాత ఒకాయన తన కేటలాగులో చివరి అక్షరాలు దిద్దేశాడు. పేరు, ఏడాది నావే ఉంటాయి గానీ ఆ దిద్దుబాటు చూసినప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది. లాటిన్ రాకపోతే నామవాచకం పెట్టుకోండి, అది మారదు.

మీ సొంత పేరు పెట్టుకోవడాన్ని కోడ్ ఆపదు, జనం నవ్వుతారు. రాజకీయ నాయకుల పేర్లు వద్దని నా సలహా. 1937లో ఒక గుహ పెంకుపురుగుకి పెట్టిన అనోఫ్తాల్మస్ హిట్లరీ అనే పేరు ఇప్పటికీ అలాగే ఉంది. మార్చే దారి కోడ్‌లో లేదు, పైగా ఆ పేరు కోసమే దాన్ని పట్టి అమ్ముకునేవాళ్లు తయారయ్యారు.

ప్రచురణ ఎక్కడ? జూటాక్సా, జూకీస్ లాంటి పత్రికలు ఇలాంటివి వేస్తాయి, పెంకుపురుగులకే ప్రత్యేకమైనవీ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక) నమోదు చేసి, ఆ సంగతి వ్యాసంలోనే కనిపించాలి. 2012లో కోడ్‌కి చేసిన సవరణ అది. వ్యాసం వచ్చేదాకా మీరు అనుకున్న పేరుని ఫేస్‌బుక్‌లో గానీ పోస్టర్‌లో గానీ పెట్టకండి. అలా బయటికి వచ్చిన పేరు చెల్లదు, కానీ ఎవరో ఒకరు దాన్ని జాబితాల్లోకి ఎక్కిస్తారు, ఆ గందరగోళం ఏళ్ల తరబడి తెగదు.

'ఆలస్యం చేస్తే ఇంకెవరైనా ముందు పేరు పెట్టేస్తారేమో' అని కూడా అడిగారు. పెట్టొచ్చు, ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. కానీ ఈ రంగం వేగం తెలిస్తే మీకు నిద్ర పడుతుంది. సేకరించిన రోజు నుంచి పేరు వచ్చేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక లెక్క తేలింది. గ్రెటా థున్‌బర్గ్ పేరు పెట్టిన నెల్లోప్టోడెస్ గ్రెటే ఉంది కదా, మిల్లీమీటర్ కూడా లేని ఆకుచెత్త పురుగు, దాన్ని 1960లలో కెన్యాలో పట్టారు. 2019లో పేరొచ్చింది. అంతకాలం లండన్ మ్యూజియంలో ఎవరైనా చూస్తారా అని ఎదురుచూస్తూ ఉంది. కాబట్టి ఏడాది ఆగితే మీ పురుగు ఎక్కడికీ పోదు. అదే చోట మళ్లీ జల్లెడ పట్టండి, మగవి ఇంకో మూడు నాలుగు దొరికితే మీ వ్యాసం బలం మారిపోతుంది.

మీ ఫొటోల గురించి చివరగా. ఏడింటిలో మూడోదాని కాలు చూడండి, మధ్య కాలి పిక్క చివర చిన్న ముల్లులాంటిది కనిపిస్తోంది. పొట్ట అడుగున కూడా నొక్కినట్టు పల్లం ఉంది. అది మగదే అనుకుంటున్నాను. ఐదోది కూడా కావచ్చు, ఫొటో మసకగా ఉంది. రెండిటినీ ఇప్పుడే ముట్టుకోకండి. ఆ జల్లెడలోనే పడిన మామూలు జాతులు, ఎన్ని పాడైనా బాధ లేనివి, పది పదిహేను ఉంటాయి కదా, వాటి మీద చేయి అలవాటు చేసుకోండి. వరసగా ఐదింటి ఎడియాగస్ విరగకుండా బయటికి తీయగలిగినప్పుడు ఐదో నంబరుని విప్పండి, దాని ఫొటో ఇక్కడ పెట్టండి. మూడోదాన్ని హోలోటైప్ కోసం దాచండి, దాని పని ఆఖర్న. ప్రజాతి జాతుల జాబితా తయారయ్యాక అదీ పెట్టండి, నా దగ్గరున్న పాత వర్ణనల్లో మీకు దొరకనివి ఉంటే పంపిస్తాను.